ఆదివారపు బొమ్మలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు పండుగనాడు పుస్తకముల మాట విడిచి టెలివిజను బొమ్మలను గూర్చి మాటలాడుట యేమి యని కొందరు పెద్దలకు వింతగా తోపవచ్చును. వింతయే. అయినను ఒక్క సంగతి ఆలోచింపవలసి యున్నది. ఇరువదియైదేండ్ల క్రిందట ఇంటింటికిని తిరిగి పాతపుస్తకములను అడిగి తెచ్చి, ఒక అద్దెగదిలో రెండు బీరువాలతో ఈ గ్రంథాలయమును నిలిపినవారు అప్పటికి ఇరువదియేండ్ల పడుచువారు. వారి బాల్యము 1980, 1990 దశకములలో గడచినది. అమ్మమ్మ నోటి కథలకు తరువాత, అచ్చుపుస్తకమునకు ముందు, వారికి కథ చెప్పినది ఆదివారము ఉదయమున ఒకరి యింటి వసారాలో వెలుగుచుండిన గాజుతెర. ఆ తెరను తలపక వారు పెట్టిన గ్రంథాలయమును తలచినచో సగము మాటయే యగును.

మన యేలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందును, కొల్లేటి లంకలందును కార్టూను అను ఇంగ్లీషుమాట పిల్లల నోటికి ఆలస్యముగా వచ్చినది. మొదట వారు వానిని 'బొమ్మలు' అనియే పిలిచిరి. "బొమ్మలొచ్చే వేళయింది!" అని ఒకరినొకరు కేకలు వేసికొని పరుగెత్తెడివారు. ఈ పేరు వారు కల్పించినది కాదు. తెరమీద కదలు రూపమునకు బొమ్మ యను పేరు తెలుగునాట అనేక తరములనుండి కలదు. ఇచ్చట కూర్చున్న వృద్ధులలో కొందరైనను తోలుబొమ్మలాట చూచియుందురు. మేకతోలును, జింకతోలును శుభ్రపరచి, వెలుతురు ఆవలికి పారునంత పలుచన గావించి, రంగులద్ది, చిల్లులు పొడిచి, కీళ్ళు కుట్టి ఆ బొమ్మలను సిద్ధపరతురు. తెల్లని తెర వెనుక పూర్వము ఆముదపు దీపములు వెలుగుచుండెను; పిమ్మట విద్యుద్దీపములు వచ్చెను. రామాయణ భారత కథలు రాత్రి మొదలై తెల్లవారుదనుక సాగుచుండెడివి. ఆంధ్రదేశపు తోలుబొమ్మలు చాల పెద్దవి. మనిషి యెత్తు బొమ్మలును వానిలో కలవు. రాయలసీమలోని నిమ్మలకుంటయందును, కాకినాడ చెంతనున్న మాధవపట్నమునందును ఈ విద్యను చేతబట్టిన కుటుంబములు కలవు. నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది.

ఆ యాటలో పిల్లలు నిద్ర నాపుకొని కాచుకొనునది ఎవరికొరకు? శ్రీరామచంద్రునికొరకు అని చెప్పిన బాగుండును గాని, నిజము వేరు. వారు జుట్టుపోలిగానికొరకును, బంగారక్కకొరకును కాచుకొందురు. రావణుని కొలువు గంభీరముగా జరుగుచుండగా నడుమ పోలిగాడు దూరును. బంగారక్క వానిని తిట్టును, చితుకగొట్టును. వాడు చావడు, లేచి మరల నవ్వించును. టెలివిజనులో ఎన్ని దెబ్బలు తినినను మరుక్షణమున లేచి పరుగిడు టామ్ అను పిల్లికి పోలిగాడు పెద్దన్న యనదగును. భేద మొక్కటి కలదు. పోలిగానికి తాను ఏ యూర ఆడుచున్నాడో తెలియును. ఆ యూరి మునసబు పిసినారితనమును, ఆ యూరి చెరువు గట్టును, ఆ సంవత్సరపు పంటను హాస్యములో ఇముడ్చుకొని ఆ పూటకు ఆ పూట క్రొత్తమాట పుట్టించును. టెలివిజను బొమ్మకు ఏ యూరును తెలియదు. ఈ సంగతి మరల ప్రసక్తికి వచ్చును.

టెలివిజను మనదేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగరూపమున మొదలయ్యెను. 1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరముపాటు అమెరికావారి ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 పల్లెలకు కార్యక్రమములను ప్రసారము చేసిరి. అందు ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయమున బడిపిల్లలకు, సాయంకాలమున పెద్దలకు. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము తెరువబడెను. 1982లో రంగులు వచ్చెను. 1984 ప్రాంతమున దేశమంతటను చిన్నచిన్న ప్రసారకేంద్రములను వడివడిగా నెలకొల్పిరి. తేదీలు ఇంతటితో చాలును.

ఊరిలో టెలివిజను ఎవరి యింటికి వచ్చినదో పొలిమేరనుండియే తెలిసెడిది. ఇంటికప్పును మించి పొడవైన ఇనుపగొట్టము, దాని కొనయందు అల్యూమినియపు ఊచల యాంటెన్నా. ప్రసారకేంద్రము దూరమైనకొలది గొట్టము ఎత్తు పెరిగెడిది. కొల్లేటిమీదినుండి వీచు గాలికి అది కొంచెము తిరిగెనా, తెరమీది మనుష్యులు ఇసుకతుపానులో చిక్కినట్లు మాయమయ్యెడివారు. అప్పుడొకరు డాబా యెక్కుదురు, ఒకరు వాకిట నిలుతురు, ఒకరు తెరయెదుట కాపుందురు.

"వచ్చిందా?"

"ఇంకాస్త తిప్పు మావయ్యా!"

"ఇప్పుడో?"

"పోయింది, పోయింది! వెనక్కి తిప్పు!"

ఇట్టి సంభాషణము ముగియునప్పటికి బొమ్మలలో సగము అయిపోయెడివి. మిగిలిన సగమునుబట్టి మొదటి సగమును ఊహించుకొను నేర్పు ఆనాటి పిల్లలకు అలవడెను. కథనల్లు విద్యకు అదియు నొక బడి యని చెప్పిన తప్పుకాదు.

పెట్టెకు చెక్కతలుపులు, కొన్నింటికి తాళమును ఉండెడివి. డయనోరా, సాలిడేర్ వంటి పేర్లను ఆ పిల్లలు అక్షరములు కూడబలుకుకొని చదివిరి. తెర నలుపు తెలుపు. రంగుల ముచ్చట తీర్చుకొనదలచినవారు పైభాగము నీలముగను క్రిందిభాగము ఆకుపచ్చగను ఉండు ప్లాస్టిక్ పలకను తెరకు తగిలించిరి. దానితో ఆకాశము నీలమును, నేల పచ్చనయు నయ్యెను. కాని తెరనిండ మనిషి ముఖము చూపినప్పుడు నుదురు నీలమై గడ్డము పచ్చనయ్యెడిది. దానికి నవ్వినవారు లేరు, కొంతకాలమునకు అలవాటయ్యెను.

కొల్లేటి లంకల సంగతి వేరు. బుడమేరును, తమ్మిలేరును పొంగిన యేడు అచ్చటి దారులు మునుగును; ఉప్పుటేరు నీటిని సముద్రమునకు లాగువరకు ఊరు నీటినడుమ నుండును. విద్యుత్తు ఏమగునో చెప్పనక్కరలేదు. అట్టిచోట 12 వోల్టుల బ్యాటరీతో నడచు చిన్న నలుపుతెలుపు పెట్టెలు పనికివచ్చెను. బ్యాటరీని తాటిదోనెలో పెట్టుకొని ఒడ్డునకు పోయి, ఛార్జి చేయించి, శనివారము సాయంకాలమునకు తిరిగి తెచ్చుకొనవలెను. శుక్రవారపు సినిమాపాటలకు ఇంటివారు దానిని వాడివేసిరేని ఆదివారము పిల్లలకు మొండిచేయి. నీటిదారిన కథ ప్రయాణము చేయుట మన డెల్టాకు క్రొత్తగాదు. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణాకాలువమీద పడవలో పుస్తకములను పల్లెలకు చేర్చిరి. ఆయన పడవ పుస్తకమును మోసినది, ఈ దోనె బ్యాటరీని మోసినది.

ఇక ఆ వసారాలో ఎవరెవరు ఎచ్చట కూర్చుండిరో చెప్పక తప్పదు. ఇంటి పిల్లలు మంచముమీద. చుట్టాల పిల్లలు చాపమీద. పాలికాపుల పిల్లలు గడపకీవల, మెట్లమీద. పేటనుండియు, చేపలవేటకు పోవువారి గుడిసెలనుండియు వచ్చిన పిల్లలు కిటికీ బయట, ఊచలు పట్టుకొని, కాలిమునివ్రేళ్ళమీద. ఈ క్రమమును ఎవరును వ్రాసిపెట్టలేదు. ఎవరి తావు ఏదో అందరికిని తెలియును. కొందరిండ్ల పావలా పుచ్చుకొనిరి. కొందరు పావలాకు బదులు పని చేయించుకొనిరి. నీళ్ళు తోడించుట, గొడ్లసావిడిలో పేడ యెత్తించుట మొదలగునవి. మోగ్లీ పులి చేతికి చిక్కు తరుణమున కిటికీరెక్క దఢాలున మూసినవారును కలరు. ఆ పిల్లలు మరునాడు బడిలో మంచముమీద కూర్చుండిన పిల్లవానిని బతిమాలి కథ అడిగి తెలిసికొనిరి. వాడును కథకు ధర కట్టెను. ఒక జామకాయ, లేక లెక్కల నోటుపుస్తకము.

అందరును అట్లే యుండిరనుట అన్యాయము. పెట్టెను బల్లతోసహా వసారాలోనికి జరిపించి, తెరను వీధివైపు త్రిప్పి, "రండర్రా, అందరూ కూర్చోండి" అనిన ఇల్లాండ్రును ఉండిరి. పంచాయతీలు కొన్ని పూర్వము రేడియో పెట్టిన గదిలోనే సామూహిక టెలివిజనును ఉంచెను. ఆ గదిలో మంచము లేదు గనుక తగవు తక్కువ. కాని తాళపుచెవి ఎవరివద్ద నున్నదో వారు తోటకు పోయిన, ఆ పూట తలుపు తెరుచుకొనదు.

ఇంతకును వారు చూచినదేమి? మొదట చెప్పదగినది ఫిల్మ్స్ డివిజన్ వారు 1974లో నిర్మించిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' అను ఏడు నిమిషముల చిత్రము. దర్శకురాలు విజయా మూలే. దూరదర్శనము దానిని మాటిమాటికి వేసెను. వలలో చిక్కిన పిట్టలన్నియు ఒక్కమారుగా ఎగిరి వలతోకూడ పోయి, ఎలుకలచే బంధములు తెంపించుకొనుట అందలి కథ. మాట హిందీ. అయినను మన పిల్లలకు కథ చక్కగా అర్థమయ్యెను. ఏలయన, అది మిత్రలాభమునందలి చిత్రగ్రీవుని కథ. చిన్నయసూరి నీతిచంద్రికను తెలుగు ఉపాధ్యాయుడు బడిలో వల్లెవేయించి యుండెను. లేదా తాతయో నాయనమ్మయో చెప్పియుండెను. తెలిసిన కథ పరాయిభాషలో వచ్చినను ఇంటికి వచ్చిన చుట్టమువలె నుండును.

అటుపిమ్మట సాలీడువలె గోడలు ప్రాకు స్పైడర్‌మ్యానును, కత్తి పైకెత్తి బలము తెచ్చుకొను హీమానును వచ్చిరి. వీరిని గూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. పిల్లలు కొంతకాలము తాటిమట్టలను కత్తులుగా పైకెత్తిరి, గోడలనుండి పడిరి, తల్లులచేత తన్నులు తినిరి.

1990 దశకమున డిస్నీవారి 'డక్ టేల్స్' హిందీలో వచ్చెను. ఇచ్చట కొల్లేటి పిల్లలను ప్రత్యేకముగా పేర్కొనవలసి యున్నది. బాతు వారికి క్రొత్త జంతువు కాదు. కోతలైన వరిచేలలో వందలకొలది బాతులను తోలుకొని పోవు బాతులవారిని వారు ప్రతియేటను చూచుచుండిరి. గుడ్డు ఎక్కడ పెట్టునో, మంద ఎట్లు చెదరునో వారికి తెలియును. అట్టి బాతు కోటు తొడిగికొని, కళ్ళజోడు పెట్టుకొని, ధనాగారములో నాణెములనడుమ ఈదుట చూచి వారు నివ్వెరపోయిరి. నీటిలో ఈదవలసిన జంతువు డబ్బులో ఈదుట పట్నపు పిల్లలకు హాస్యము. బాతులు కాయువాని కొడుకునకు అది కొంచెము ఆలోచింపవలసిన విషయమే. మరియొక సంగతి: ఆ నాణెములు బంగారువి. నలుపుతెలుపు తెరమీద అవి బూడిదరంగున నుండెను. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల బజారుకు తండ్రివెంట పోయిన పిల్లవాడు ఏదో అంగడిలో రంగుల టెలివిజను చూచి వచ్చి, నాణెములు పచ్చనివని చెప్పిన, ఊరిలో వానిని నమ్మినవారు తక్కువ.

'టేల్ స్పిన్' అను దానిలో భల్లూకము విమానము నడుపును. తాడేపల్లిగూడెమున రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాశ్రయపు నేల కలదు గదా. ఆ చుట్టుపట్ల పిల్లలకు ఆ యెలుగుబంటి ఏదో యొకనాడు అచ్చట దిగుననిపించుట సహజము.

వీనియన్నింటిలోను మనసున నిలిచినది 'జంగిల్ బుక్'. 1993లో దూరదర్శనము ఆదివారములందు దీనిని ప్రసారము చేసెను. దీని పుట్టుక చిత్రమైనది. బొంబాయిలో జన్మించిన ఇంగ్లీషువాడు రడ్యార్డ్ కిప్లింగ్ అమెరికాలో నివసించుచు, మధ్యభారతమునందలి సివనీ కొండల అడవిని నేపథ్యముగా గొని 1894లో ఆ పుస్తకమును ప్రకటించెను. దాదాపు నూరేండ్లకు జపానువారైన నిప్పన్ యానిమేషన్ సంస్థ దానిని 52 భాగముల బొమ్మలచిత్రముగా గీసెను. దానికి బొంబాయిలో హిందీమాటలు కూర్చిరి. గుల్జార్ పాట వ్రాసెను, విశాల్ భరద్వాజ్ స్వరపరచెను, పులియైన షేర్‌ఖానునకు నటుడు నానా పాటేకర్ గొంతునిచ్చెను. ఇన్ని దేశములు తిరిగి మన అడవి కథ మన కొల్లేటి గట్టునకు చేరెను. తోడేళ్ళు పెంచిన పిల్లవానికి తండ్రి లేడు, ఇల్లు లేదు, బట్ట అంతంతమాత్రము. అయినను అడవి అంతయు వానికి చుట్టమే. కిటికీ వెలుపల నిలిచిన పిల్లలకు వాడు తమవాడనిపించెను. మంచముమీద కూర్చుండిన పిల్లలకును అట్లే యనిపించెను. ఆ అరగంటసేపు తావుల తారతమ్యము ఎవరికిని గుర్తులేదు.

భాష మాట చెప్పవలెను. పాటలోని హిందీమాటలను ఈ పిల్లలు అర్థము తెలియకయే కంఠస్థము చేసిరి. తెలియని మాటలకు తెలిసిన మాటలను పూరించి పాడిరి. ఒక్కొక్క యూరిలో ఒక్కొక్క పాఠాంతరము ఏర్పడెను. ఊరిలో దక్షిణభారత హిందీ ప్రచారసభవారి మధ్యమయో రాష్ట్రభాషయో ఉత్తీర్ణమైన అక్క యొకతె యున్నచో ఆమెకు ముందువరుస దక్కెడిది. తెరమీద ఎలుగుబంటి మాటలాడుచుండగా ఆమె ప్రక్కనుండి, "వాడు చెప్పేదేమంటే, అడవికో న్యాయం ఉందట" అని అర్థము చెప్పును. అంతకుముందు 1987, 1988లలో రామాయణ ధారావాహిక వచ్చినప్పుడును ఇట్టి అక్కలే పెద్దలకు వ్యాఖ్యాతలైరి. తెలిసిన రామకథను తెలియని భాషలో చూచుటకు పెద్దలు కష్టపడలేదు. తెలియని మోగ్లీకథను తెలియని భాషలో చూచిన పిల్లల శ్రమ అంతకంటె మిక్కుటము. ఇచ్చటనే ఆ బొమ్మలపై గట్టిగా చెప్పదగిన ఆక్షేపణ యున్నది. ఆ పదిపండ్రెండేండ్లు తెలుగు పిల్లలు తాము మిక్కిలి ప్రేమించిన కథలను తమ భాషలో వినలేదు. వారి వీరుడెవ్వడును వారి మాట మాటలాడలేదు.

1995లో కార్టూన్ నెట్‌వర్క్ మనదేశమునకు వచ్చెను. పగలంతయు బొమ్మలు, రాత్రి ఇంగ్లీషు సినిమాలు. మొదట ఏలూరు, తాడేపల్లిగూడెముల వంటి పట్టణములలో కేబులువాని తీగ ఇంటింటికిని ప్రాకెను; క్రమముగా పల్లెలకు వచ్చెను. ఇప్పుడు మాట ఇంగ్లీషు. అయినను టామ్ అను పిల్లియు జెర్రీ అను ఎలుకయు పిల్లలకు వెంటనే పట్టుబడిరి. కారణము సులభము: ఆ రెండును మాటలాడవు. హానా, బార్బెరా అను నిద్దరు 1940లో ప్రారంభించిన ఆ చిత్రములందు కథను నడుపునది సంగీతము. పిల్లి అడుగు వేసిన తంత్రి మ్రోగును, మెట్లమీద పడిన పియానో దొర్లును. ఏ భాషవారికైనను అనువాదమక్కరలేదు. అయితే కేబులు వచ్చిన పిదప ఆదివారమునకు విలువ తగ్గెను. ఏడు దినములును బొమ్మలైనప్పుడు ఆరుదినములు కాచుకొను పని లేకపోయెను. పెట్టెలును పెరిగెను. కిటికీ వెలుపలి పిల్లల యిండ్లలోనికి కూడ పెట్టె వచ్చెను. ఇది మంచిదే. దానితో వసారాలోని గుంపు చెదరెను, ఇదియు జరిగినదే.

తెలుగువారికి బొమ్మలు గీయువారు లేకనా ఈ కొరత? కాదు. 1947 జూలైలో మొదలై 2013 ప్రాంతమున ఆగిపోయిన 'చందమామ'లో వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ మొదలగువారు గీసిన బొమ్మలు ఏ దేశపు బొమ్మలకును తీసిపోవు. మన నరసాపురమున 1933లో జన్మించిన బాపుగారు తాము తీయబోవు సినిమాలోని దృశ్యములను ముందుగా బొమ్మలుగా గీసికొనెడివారు. 1980 దశకమున ఆయనయు ముళ్ళపూడి వెంకటరమణగారును రాష్ట్రప్రభుత్వము కోరికపై ప్రాథమిక పాఠశాలల పిల్లలకు వీడియో పాఠములును తీసిరి. కొరత లెక్కలలో నున్నది. తెరమీద బొమ్మ కదలవలెనన్న ఒక్క సెకనునకు 24 చిత్రములు నడువవలెను. ఇరువదిరెండు నిమిషముల కథకు 31,680. ఒక్కొక్క బొమ్మను రెండుమారులు చూపి పొదుపు చేసినను 15,840 బొమ్మలు గీయవలెను. చందమామ సంచిక యొకదానికి కావలసిన బొమ్మలు పదులలో నుండును. టెలివిజనుకొరకు హానా బార్బెరాలే 1957 నుండి మరియొక పొదుపును అనుసరించిరి: మనిషి నిలిచియుండును, పెదవి మాత్రము కదలును, పరుగెత్తునప్పుడు వెనుకనున్న అదే చెట్టు, అదే యిల్లు మరలమరల వచ్చును. ఆ యిల్లు ఎన్నిమారులు వచ్చినదో లెక్కించిన పిల్లలు మన యూళ్ళలో ఉండిరి. ఇంత పొదుపు చేసినను ఒక్క భాషవారికొరకు ఆ వ్యయము కిట్టుబాటు కాదని వ్యాపారులు తలచిరి. దూరదర్శనము దేశమంతటికిని ఒక్క హిందీలో వేసెను. తెలుగు పిల్లలు కథలో భాగస్వాములు గాక ప్రేక్షకులుగనే మిగిలిరి.

పిమ్మట మార్పు రాకపోలేదు. 2000 దశకమున పరదేశపు బొమ్మలకు తెలుగుమాటలు చేర్చుట మొదలయ్యెను. 2009లో పిల్లలకొరకే ఖుషీ టీవీ అను తెలుగు ఛానలు వచ్చెను. 2008లో పోగో ఛానలులో ప్రారంభమైన 'ఛోటా భీమ్'ను గీసినది హైదరాబాదునందలి గ్రీన్ గోల్డ్ సంస్థ. దానికి మూలపురుషుడు రాజీవ్ చిలకా. లడ్డూలు తిని బలము తెచ్చుకొను ఆ బాలభీముడు తెలుగునేలపై పుట్టినవాడు. అయినను వాని పేరును, వాని యూరి పేరును ఉత్తరదేశపు ముద్రతోనే యున్నవి. సంత పెద్దదైన చోటి భాష మాటలాడుట అంగడికి సహజము. తప్పుపట్టి ప్రయోజనము లేదు. కాని పోలిగాడు ఈ యూరి మునసబును వేళాకోళము చేసినట్లు ఆ భీముడు చేయలేడు.

తోలుబొమ్మలాటను టెలివిజను చంపినదని కొందరందురు. ఇది పూర్తిగా నిజము గాదు. అంతకుముందే సినిమాహాళ్ళును, టూరింగు టాకీసులును ఆ పని చాలవరకు చేసియుండెను. టెలివిజను వచ్చునాటికి బొమ్మలాటవారు పల్లెలకు వచ్చుట అరుదైనది. బొమ్మలు చూచిన పిల్లలు చెడిపోయిరనుటయు అట్టిదే. గోడలనుండి దూకి కాళ్ళు విరుగగొట్టుకొనినవారు ఉండిరి. జుట్టుపోలిగానిని చూచి అక్కలను తన్నిన పిల్లలును అంతకుముందు ఉండిరి. చదువు పాడగుట కూడ కొంతయే. ఆదివారము ఉదయపు ఒక గంటవలన ఎవరి చదువును పాడుకాదు. రోజుకు ఐదారు గంటలైన తరువాత ఏమగునో వేరుగా విచారింపవలెను.

ఆ తరమువారికి ఇప్పుడు నలువదియైదేండ్లు దాటుచున్నవి. వారి చేతనున్న ఫోనులో ఆ బొమ్మలన్నియు ఏ క్షణమైన చూడవచ్చును. అనేకులు చూచిరి కూడ. రాత్రి పిల్లలు నిదురించిన పిదప మోగ్లీపాట పెట్టుకొని వినిరి. కొందరు నిరాశపడిరి: బొమ్మ బిగుసుకొనినట్లున్నది, అదే చెట్టు పదిమారులు వచ్చినది, మూడు నిమిషములకే విసుగు పుట్టినది. కొందరు మొదటిసారిగా నాణెములను పచ్చగా చూచిరి. మరికొందరు హిందీ నేర్చినవారు గనుక చిన్ననాడు తాము పూరించుకొనిన కథకును అసలు కథకును పొంతనలేకుండుట గమనించిరి. తమ కథయే బాగున్నదని వారి యభిప్రాయము. కాదనుటకు వీలులేదు. చిన్నతనమున వారు చూచినది తెరమీది బొమ్మ నొక్కదానినే కాదు. డాబామీద మావయ్యను, నీలపు ప్లాస్టిక్కును, ప్రక్కనుండి అర్థము చెప్పు అక్కను, ఒక్కమారుగా నవ్వు నలువదిమందిని కలిపి చూచిరి. ఫోనులో అవి రావు. వారి పిల్లలు నేడు చెవులకు తీగలు తగిలించుకొని ఒక్కొక్కరుగా నవ్వుచున్నారు. తల్లికిగూడ ఎందుకు నవ్వుచున్నారో తెలియదు.

ఈ గ్రంథాలయమునకు తిరిగి రావలెను. దీనిని స్థాపించిన పడుచువారిలో మంచముమీద కూర్చుండినవారును, కిటికీ ఊచలు పట్టుకొని నిలిచినవారును కలరు. మొదటి సమావేశమున వారు నియమావళి వ్రాసికొనునప్పుడు చందా యెంత యుండవలెనను విషయముపై గంటసేపు వాదించుకొనిరట. కాని పఠనమందిరమున ఎవరు ఎక్కడ కూర్చుండవలెనను విషయముపై వాదము లేదు. ముందు వచ్చినవారు ముందు కూర్చుందురు. బల్ల నడుమ నుండును. కిటికీరెక్కలు తెరచియే యుండవలెను. చందా కట్టలేని పిల్లవానికి పుస్తకము ఇంటికీయకున్నను కూర్చుండి చదువుకొనుటకు అడ్డులేదు. ఈ నియమములు నేటికిని అట్లే యున్నవి. వీనికి మూలము ఏ గ్రంథాలయశాస్త్రమునందును వెదకనక్కరలేదు.

బాలల బీరువాలో పంచతంత్రమును, నీతిచంద్రికయు, పాత చందమామల బైండు సంపుటములును ఉన్నవి. కిప్లింగ్ అడవికథలును ఉండదగును. బొమ్మ చూచిన పిల్లవాడు పుస్తకము అడుగుట అరుదు కాదు. అడిగిననాడు బీరువాలో లేకుండుటయే చిన్నతనము.

గ్రంథాలయమువారు ఈ ఉత్సవసందర్భమున ఒక దొడ్డ తెల్లకాగితముల పుస్తకమును పఠనమందిరపు బల్లపై ఉంచినారు. ఆదివారపు బొమ్మలను చూచి పెరిగినవారు ఎవరి యింట చూచిరో, ఎక్కడ కూర్చుండిరో, ఏమి చూచిరో, ఏమి అర్థమయ్యెనో అందు వ్రాయవలెనని వారి కోరిక. బొమ్మలాటవారిని ఎరిగిన వృద్ధులు పోలిగాని మాటలు జ్ఞాపకమున్నంతవరకు వ్రాయించిన మరింత మేలు. అవి అచ్చుకాలేదు, ఫోనులోను దొరకవు. వ్రాయలేనివారు చెప్పినచో గ్రంథాలయాధికారి వ్రాసికొందురు. వచ్చే ఆదివారము మొదలుకొని ఉదయము తొమ్మిదిగంటలనుండి పండ్రెండువరకు అందుకొరకే తలుపులు తెరచియుంచుదురు.